పెట్టినవాళ్లు లేకున్నా నడిచే ఊరి గ్రంథాలయం

హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం మొదలయ్యాయి. అప్పుడు నిజాం రాజ్యంలో కచేరీల్లో ఉర్దూయే నడిచేది, తెలుగు చదువుకు సర్కారు అండ లేదు. వాటిని పెట్టినవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు లేరు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ గ్రంథాలయాల పేర్లు మాత్రం జనం నోట ఉన్నాయి. అంతకంటే ఎక్కువ పైసలతో, ఎక్కువ పుస్తకాలతో ఊళ్లల్లో పెట్టినవి మూడో ఏడు తిరగకముందే తాళం పడి, బీరువాలో చెద పట్టి పోవడం కూడా మనకు తెలిసిన ముచ్చటే. ఒక మంచి ఆలోచన పదికాలాలు ఉండాలంటే అది పుట్టించిన మనిషి నుంచి విడిపోయి నలుగురి చేతుల్లోకి, కాగితం మీదికి రావాలి. ఎట్లా తేవాలన్నదే ఇక్కడ చెప్పేది.

కాకతీయుల కాలం వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. చెరువు తవ్వించి, తూము పెట్టి, మత్తడి కట్టి ఊరుకోలేదు. చెరువు తవ్వించినవాళ్లకు, మరమ్మతు చూసేవాళ్లకు పదోవంతు లెక్కన దశబంధం మాన్యాలు ఇచ్చారు. రామప్ప గుడి దగ్గరి 1213 నాటి శాసనంలో కూడా గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు దేవుడి సేవలు సాగడానికి ఊళ్లు రాసిచ్చిన సంగతి ఉంది. కట్టడం ఒక పని. అది ఏటేటా నడవడానికి ఏర్పాటు చేయడం వేరే పని. గ్రంథాలయం పెట్టాలనుకునేవాళ్లు మొదటి పనికి పెట్టినంత మనసు రెండో పనికి పెట్టరు.

కింద చెప్పే లెక్కలు రెండు మూడు వేల జనాభా ఉన్న ఊరికి, ఒక గదికి, వెయ్యి పుస్తకాలకు సరిపోతాయి.

మొదటి మూడు నెలలు పుస్తకాలు కొనొద్దు

ముందు తొమ్మిది మందిని కూడగట్టండి. తొమ్మిది మందీ ఒకే సోపతి వాళ్లయితే ఆ సోపతి చెడిన రోజే గ్రంథాలయం పోతుంది. ఒక టీచర్, ఒక రైతు, కిరాణం కొట్టో టీ కొట్టో నడిపే మనిషి, కనీసం ముగ్గురు ఆడవాళ్లు, పాతికేళ్ల లోపువాళ్లు ఇద్దరు, ఇలా వేర్వేరు వాడల నుంచి ఉండాలి. కొట్టు నడిపే మనిషి ఎందుకంటే, పొద్దంతా ఊళ్లోనే ఉంటాడు. తాళంచెవి ఒకటి అక్కడుంటే గది తెరుచుకుంటుంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లు చందాకు, సలహాకు మంచివాళ్లే, కమిటీలో మాత్రం ఇద్దరికి మించొద్దు.

ఈ తొమ్మిది మంది నలభై ఇళ్లు తిరిగి మూడే ప్రశ్నలు అడగాలి. ఇంట్లో చదవగలిగేవాళ్లు ఎవరెవరు? ఖాళీ దొరికేది ఏ వేళ? చదవాలనో, తెలుసుకోవాలనో ఉన్నది ఏమిటి? జవాబులు నోట్‌బుక్కులో ఇంటిపేరు లేకుండా వాడ పేరుతో రాయండి. దీని మీదే వేళలు, పుస్తకాలు నిర్ణయించాలి. గోదావరిఖని, మందమర్రి వైపు బొగ్గుబావి షిఫ్టులు నడిచే ఊళ్లల్లో సాయంత్రం రెండు గంటలు తెరిస్తే సెకండ్ షిఫ్టు వాళ్లకు ఎప్పటికీ అందదు. అక్కడ వారంలో రెండు రోజులు పొద్దున కూడా తెరవాలి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కు బీడీలు చుట్టే ఇళ్లల్లో ఆడవాళ్లు గది దాకా రారు, రాలేరు. పుస్తకమే వాళ్ల అరుగు దగ్గరికి పోవాలి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు తెల్లారగట్ల ఆరింటికే తెరవమంటారు. అందరికీ ఒకటే వేళ పెట్టడం మొదటి తప్పు. ఆ తప్పు చేశాక "మా ఊళ్లో ఎవరూ చదవరు" అనుకోవడం రెండోది.

గది

కొత్త భవనం కోసం ఆగొద్దు. భవనం కట్టడంలోనే ఉత్సాహం, పైసలు, సోపతి మూడూ అయిపోయి, ప్రారంభోత్సవం రోజుకు పుస్తకాలు కొనడానికి ఎవరికీ ఓపిక ఉండదు. పాత పంచాయతీ గది, బడిలో వాడని గది, మహిళా సంఘం భవనంలో ఒక భాగం చాలు. 12 అడుగులు వెడల్పు, 16 అడుగులు పొడవు ఉంటే గోడల వెంట ర్యాకులు, నడుమ రెండు బల్లలు, పన్నెండు కుర్చీలు పడతాయి. కుల సంఘం భవనం, గుడి ఆవరణ ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే కావచ్చు, మిగతా వాడల పిల్లలు మాత్రం గడప తొక్కరు.

పంచాయతీ గది అయితే సర్పంచ్ నోటిమాట సరిపోదు. గ్రామసభలో తీర్మానం పెట్టి, ఏ గది, ఎన్నేళ్లకు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అన్నది రాయించి, తీర్మానం నకలు పంచాయతీ కార్యదర్శి సంతకంతో తీసుకోండి. కనీసం పదేళ్లకు రాయించండి. ఎన్నికల తర్వాత సర్పంచ్ మారితే గది పోయే ప్రమాదం ఉంటుంది. ఆ రోజు చేతిలో ఉండాల్సింది ఈ కాగితమే.

ర్యాకుల లెక్క చూద్దాం. మూడడుగుల అరలో మామూలు మందం పుస్తకాలు ముప్పై పడతాయి. ఒక్కో అరలో నాలుగోవంతు ఖాళీ వదలాలి, లేకుంటే తీసి పెట్టేటప్పుడు అట్టలు చినుగుతాయి, కొత్తవి వచ్చినప్పుడు అన్నీ జరపాల్సి వస్తుంది. అంటే అరకు 22, ఐదు అరల ర్యాకుకు 110. వెయ్యి పుస్తకాలకు తొమ్మిది ర్యాకులు. నిండిన అర బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది కాబట్టి పలుచటి రేకు ఏడాదిలో వంగుతుంది. కొనేముందు నడుమ చెయ్యి ఆనించి గట్టిగా నొక్కి చూడండి. ర్యాకు వెనక గోడకు మూడంగుళాలు, కింది అరకూ నేలకూ ఆరంగుళాలు ఎడం ఉంచాలి. అద్దాల బీరువాలు, తాళాలు వద్దు. తాళం వేసిన పుస్తకాన్ని పిల్లలు అడగరు. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో బాట వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిదే పుస్తకం ఉన్నది వాడుకోవడానికని.

సంఘం, నియమావళి

నమోదు లేకుండా ఏడాది నడపవచ్చు. ఆ తర్వాత నమోదు తప్పనిసరి, ఎందుకంటే గ్రంథాలయం పేరు మీద బ్యాంకు ఖాతా, పాన్ కార్డు ఉండాలంటే అది కావాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయించాలి. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆశయాల పత్రం, నియమావళి, సభ్యుల గుర్తింపు కాగితాలు, గది వాడుకునేందుకు అనుమతి పత్రం జతచేయాలి. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు పంపాలి. చాలా సంఘాలు తప్పేది ఇక్కడే. నాలుగైదేళ్లు జాబితా పంపకపోతే పాత పేర్లే కాగితం మీద ఉంటాయి, అందులో ఒకరు చనిపోయి ఉంటారు, ఇంకొకరు దుబాయిలో ఉంటారు, బ్యాంకులో సంతకం మార్చడం కూడా కుదరదు.

నియమావళి ఎవరి దగ్గరో ఉన్న నమూనా కాపీ కొట్టి ఇవ్వడం అలవాటు. దాంట్లో ఈ నాలుగైదు మాటలు మీరే చేర్చాలి. తొమ్మిది మంది కార్యవర్గంలో ఏటా ముగ్గురు దిగిపోతారు. దిగినవారు ఒక ఏడాది ఆగితేనే మళ్లీ రావచ్చు. కార్యదర్శి పదవి వరసగా రెండేళ్లకు మించదు. పదవిలో ఉన్న రాజకీయ పార్టీ నాయకులు సభ్యులు కావచ్చు, కార్యవర్గంలో ఉండరాదు. బతికున్న మనిషి పేరు గ్రంథాలయానికి పెట్టరాదు. సంఘం మూతపడితే పుస్తకాలు, డబ్బు సభ్యులు పంచుకోరాదు, అదే ఆశయం ఉన్న మరో సంఘానికో బడికో చెందాలి. ఈ చివరి మాట అపశకునం అనిపించి కొందరు రాయనివ్వరు. రాయండి. పైసలిచ్చేవాళ్లకు నమ్మకం కలిగించేది అదే.

మొదటి ఏడాది దిగిపోయే ముగ్గురిని చిట్టీ వేసి తేల్చాలి. మొదలుపెట్టిన మనిషి పేరే చిట్టీలో వస్తే అందరూ "ఈసారికి ఉండనిద్దాం" అంటారు. అప్పుడు ఒప్పుకుంటే ఆ నియమం ఇక చచ్చినట్టే. ఎవరి పేరు వస్తే వాళ్లు దిగాలి.

పుస్తకాలు ఎట్లా కూర్చాలి

మొదటి రోజుకు మూడు వందలు చాలు. మిగతా ఏడు వందలు ఏడాది పొడుగునా, ఏవి పోతున్నాయో చూసి తెచ్చుకోవాలి. వెయ్యికి చేరేసరికి పిల్లలవి 350, కథలు నవలలు 250, చరిత్ర, కవిత్వం, జీవిత చరిత్రలు 150, పోటీ పరీక్షలవి 150, వ్యవసాయం, ఆరోగ్యం, చట్టాలు 100 ఉండేటట్టు చూడండి. పిల్లలవి మూడోవంతుకు పైగా అని ఆశ్చర్యపోవద్దు. పదేళ్ల వయసులో పుస్తకం ఇంటికి తీసుకెళ్లిన పిల్లే పాతికేళ్లకు కమిటీలోకి వస్తుంది. పోటీ పరీక్షల పుస్తకాలు మాత్రం రెండేళ్లకే పాతబడతాయి. వాటి మీద ఏటి పుస్తకాల ఖర్చులో నాలుగోవంతుకు మించి పెట్టొద్దు. తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలు, బడి పుస్తకాలు ఎక్కువ కాలం పనికొస్తాయి. పరీక్షలకు చదివేవాళ్లకు పుస్తకం కంటే బల్ల, వెలుతురు, చప్పుడు లేని వేళ ముఖ్యం. తెల్లారగట్ల ఆ గదిని వాళ్లకే వదిలి, ఊడ్చి తాళం వేసే పని కూడా వాళ్లకే అప్పగించండి.

దానంగా వచ్చే పుస్తకాల దగ్గర మొహమాటం పనికిరాదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత గైడ్లు, చిరిగిన వారపత్రికలు, ఎవరూ చదవని సన్మాన సంచికలు మూటగట్టి పంపుతారు. అవి అరలు నింపుతాయి, చదివేవాళ్లను వెళ్లగొడతాయి. ఇచ్చేవాళ్లతో ముందే ఒక కాగితం మీద సంతకం చేయించండి: "ఈ పుస్తకాల్లో గ్రంథాలయానికి పనికిరానివి ఇతరులకు ఇవ్వడానికో అమ్మడానికో నాకు అభ్యంతరం లేదు." ఆ మాటకు ఒప్పుకోనివాళ్ల మూట తీసుకోకండి. పదిలో మూడు నిలిస్తే మంచి దానమే.

జిల్లా గ్రంథాలయ సంస్థను తప్పక కలవండి. ఊళ్లో అందరూ కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. అది మన పైసే. పుస్తక నిక్షిప్త కేంద్రంగా గుర్తించమని అర్జీ పెడితే సంస్థ పుస్తకాలు మార్చి మార్చి వాడుకునే వీలుంటుంది. కోల్‌కతాలో 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ కూడా స్వచ్ఛంద గ్రంథాలయాలకు పుస్తకాల రూపంలో సాయం చేస్తుంది. నమోదు పత్రం, తనిఖీ అయిన లెక్కలు లేకుండా ఆ గడప ఎక్కలేరు. ఈ సాయాలు వస్తే సంతోషం. రాకపోయినా గది తెరుచుకునేటట్టు లెక్క వేసుకోవాలి.

ఒక్క రిజిస్టర్ సరిగ్గా ఉంటే

గ్రంథాలయానికి ప్రాణం వంటిది ఆస్తి రిజిస్టర్. గట్టి అట్ట, కుట్టిన పుస్తకం కావాలి, విడి కాగితాలు వద్దు. గళ్లు ఇవి: వరస నంబరు, తేదీ, రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, అచ్చయిన ఏడు, పేజీలు, ధర, కొన్నదా దానమా, ఏ విభాగం, చివర విశేషాలు. ఒక పుస్తకానికి ఒక నంబరు. అదే పుస్తకం మూడు ప్రతులు వస్తే మూడు నంబర్లు. పుస్తకం పోతే ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వొద్దు, విశేషాల గడిలో తేదీ వేసి "పోయింది" అని రాసి కార్యదర్శి సంతకం పెట్టాలి. నంబరు ముఖపత్రం వెనక, 25వ పేజీలో రెండు చోట్లా వేసి ముద్ర కొట్టండి. ముఖపత్రం చింపేసినా 25వ పేజీ సాక్ష్యం చెబుతుంది.

కంప్యూటర్లో కూడా ఎక్కించుకోవచ్చు. అయితే అది నకలు, అసలు రిజిస్టరే. కంప్యూటర్ తెలిసిన పిల్లగాడు ఉద్యోగానికి పోయిన రోజు పాస్‌వర్డ్ కూడా వాడితోనే పోతుంది.

అరల్లో అమర్చడానికి విషయానికో అంకె ఇచ్చే డ్యూయీ దశాంశ వర్గీకరణ ఉంది. అందులో తెలుగు సాహిత్యానికి 894.827. వెయ్యి పుస్తకాలకు అంత అవసరం లేదు. పుస్తకం వీపు మీద కింది నుంచి అంగుళం ఎత్తున రంగు కాగితం అంటించండి: పిల్లలవి పసుపు, కథలు నవలలు ఎరుపు, చరిత్ర కవిత్వం ఆకుపచ్చ, పరీక్షలవి నీలం, పనికొచ్చే సమాచారం తెలుపు. ఏడేళ్ల పిల్ల కూడా పుస్తకాన్ని తిరిగి దాని చోట పెట్టగలదు. పుస్తకాలు మూడు వేలు దాటినప్పుడు దశాంశ పద్ధతికి మారవచ్చు. ఎట్లాగూ రిజిస్టర్‌లో విభాగం గడి ఉంది కాబట్టి కష్టం కాదు.

ఇచ్చి పుచ్చుకోవడం

గడువు పద్నాలుగు రోజులు. పిల్లలకు ఒకటి, పెద్దలకు రెండు. జరిమానా పెట్టొద్దు. రోజుకు రూపాయి అన్నా నెల దాటితే ముప్పై, ఆ ముప్పై ఇంట్లో అడగలేక పిల్లగాడు పుస్తకాన్ని దాచేస్తాడు. ఒక పుస్తకంతో పాటు చదివే మనిషినీ పోగొట్టుకుంటాం. "తెస్తేనే ఇంకోటి" అన్న ఒక్క నియమం చాలు. నిజంగా పోతే అంతే ధర ఉన్న వేరే పుస్తకం తెచ్చిమ్మనండి. తేనివాళ్ల పేర్లు గోడ మీద రాయడం ఎప్పుడూ చేయకండి. నెలకోసారి ఇద్దరు పిల్లలు జాబితా పట్టుకుని ఇళ్లకు పోయి అడిగితే సగానికి పైగా వస్తాయి, చాలాసార్లు అవి బియ్యం డబ్బా మీదనో, ఊరికి పోయిన సంచిలోనో ఉంటాయి. ఏడాదికి నూటికి రెండు మూడు పోతే బాధపడొద్దు. ఒక్కటీ పోలేదంటే మీ పుస్తకాలు బయటికి పోవట్లేదేమో చూసుకోండి.

బీడీలు చుట్టే వాడలకు సంచి పద్ధతి పెట్టండి. ఒక బట్ట సంచిలో పన్నెండు పుస్తకాలు: పెద్ద అక్షరాలవి నాలుగు, పిల్లలవి నాలుగు, కథలు మూడు, ఆరోగ్యం మీద ఒకటి. వాడకు ఒక ఆడమనిషి ఆ సంచికి బాధ్యురాలు. పదిహేను రోజులకోసారి రెండు వాడల సంచులు మార్చాలి. చేతులు ఆకు మీద ఉంటాయి కాబట్టి ఒకరు చదివితే నలుగురు వినేటట్టు, బిగ్గరగా చదవడానికి వీలైన కథలు ఎంచండి. పుస్తకాన్ని మనుషుల దగ్గరికి మోసుకెళ్లడం ఇక్కడ కొత్త కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలను ఊరూరా తిరిగి తానే అమ్మారు.

చెద, చెమ్మ, చిరుగులు

తొలకరి పడగానే చెద లేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి ర్యాకు కాళ్లు, గోడ మూలలు, ద్వారబంధం చూడాలి. సన్నటి మట్టి గీత కనిపిస్తే చెరిపేసి ఊరుకోవద్దు, అది ఎక్కడి నుంచి వస్తుందో అక్కడి దాకా పోయి, చెద మందు ఆ పగుల్లో పోయాలి. ఇనుప ర్యాకు అయినా గోడకు ఆనితే గోడ మీదుగా ఎక్కుతుంది. మూడంగుళాల ఎడం అందుకే. కలరా ఉండలు పలుచటి బట్టలో మూటగట్టి అర వెనక పెట్టండి, పిల్లల అరల దగ్గర మాత్రం వద్దు, నోట్లో పెట్టుకుంటే విషం. అక్కడ ఎండిన వేపాకు మూటలు పెట్టి నెలకోసారి మార్చండి.

వానకాలంలో తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకండి, అట్ట విల్లులా వంగుతుంది. నీడలో నిలబెట్టి, పేజీల మధ్య అక్కడక్కడ పాత కాగితం ఉంచి, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. చిరిగిన పేజీకి సెలోటేపు అంటిస్తే రెండేళ్లకు పసుపెక్కి, జిగురు కారి, అక్షరాలను మింగుతుంది. మైదాపిండి పలుచగా ఉడికించి, చిటికెడు మైలుతుత్తం కలిపి, పలుచటి తెల్ల కాగితం పట్టీ అంటించాలి. మైలుతుత్తం పురుగును రానివ్వదు, విషం కాబట్టి ఈ పని పిల్లలతో చేయించొద్దు. పిల్లల పుస్తకాలకు నడుమ ఉన్న పిన్నులు తుప్పు పట్టి పేజీలను కోస్తాయి. రాగానే పిన్నులు తీసి దారంతో మూడు చోట్ల కుట్టేయండి.

పైసలు

నెల ఖర్చు రాసుకుంటే భయం పోతుంది. రెండు దినపత్రికలకు ఐదువందల లోపు, కరెంటుకు మూడు వందలు, గది తెరిచి చూసుకునే మనిషికి మూడు వేలు, కొత్త పుస్తకాలకు వెయ్యి, చిల్లర ఖర్చు రెండు వందలు. మొత్తం ఐదు వేలు, ఏడాదికి అరవై వేలు. దీన్ని ఒక్క దాత ఇస్తానంటే వద్దనండి. ఒక్కరి మీద నడిచేది ఆ ఒక్కరి వ్యాపారం దెబ్బతిన్న నెలే ఆగుతుంది. నెలకు వంద రూపాయలిచ్చే ఇళ్లు యాభై ఉంటే చాలు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఏడాది చందా ఒకేసారి ఇవ్వడానికి ఇష్టపడతారు, వాళ్ల పిల్లల ఫొటోతో కాకుండా లెక్కల కాగితంతో రసీదు పంపండి.

పెళ్లి, చదువు, పెద్దల జ్ఞాపకం పేరున వచ్చే పెద్ద మొత్తాలు నెల ఖర్చుకు వాడొద్దు. అవి మూలధనంలోకి పోవాలి. ఇదే మన దశబంధం. మూడు లక్షలు పోగై, ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి 21,000. అందులో నాలుగోవంతు, 5,250 తిరిగి మూలధనంలో కలపండి, ధరలు పెరిగినా దాని సత్తువ తగ్గకుండా ఉంటుంది. మిగిలే 15,750తో పత్రికలు, కరెంటు, చిల్లర ఖర్చు గడిచిపోతాయి. ఊళ్లో చందా ఒక్క రూపాయి రాని ఏడు కూడా దీపం వెలుగుతుంది, పేపరు వస్తుంది. దాత పేరు ర్యాకు మీద చిన్న రేకు మీద రాయండి, గుమ్మం మీద వద్దు. ఆదాయపు పన్ను శాఖ నుంచి విరాళాల గుర్తింపు (80జీ అని పిలిచేది) తీసుకుంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు పన్ను మినహాయింపు వస్తుంది, రెండు వేలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదని ముందే చెప్పండి.

ఒక జాగ్రత్త. చందాల క్యూఆర్ కోడ్ ఎవరి సొంత ఫోన్ నంబరుకూ ఉండకూడదు. మొదట్లో సులువని కోశాధికారి నంబరుకే వేయిస్తారు. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా రెండో ఏడు ఊళ్లో గుసగుస మొదలవుతుంది, లెక్క చూపినా ఆగదు. నిందపడ్డ మంచి మనిషి ఇంకోసారి ఊరి పనికి రాడు. సంఘం ఖాతా, ఇద్దరి సంతకాలు, నెల లెక్క గది తలుపు మీద. అంతే.

ఊరి అర

ఎక్కడా కొనలేని పుస్తకాలు మీ ఊళ్లోనే ఉన్నాయి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చారు. 354 మంది కవుల వివరాలు పోగుచేసి అచ్చేశారు. వాదించి ఊరుకుంటే ఆ వాదన ఆ ఏడే మరిచిపోయేవాళ్లు. పేర్లు పోగుచేసి అచ్చువేయడం వల్ల అది తొంభై ఏళ్ల తర్వాతా పనికొస్తోంది. ప్రతి ఊరి గ్రంథాలయంలో ఒక అర ఇందుకు వదలాలి.

అందులో ఏముండాలి? ఊళ్లో పాడే బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలో ఈ ఊరి మాటలు, చెరువులకు, కుంటలకు, పొలాలకు ఉన్న పేర్లు, పాత కరపత్రాలు, గుడి దగ్గరి రాతి శాసనం ఫొటో, ఊరివాళ్లు రాసిన కవితలు. పాట రికార్డు చేసేటప్పుడు మొదట పాడే అవ్వ అనుమతి అడిగి, ఆమె పేరు, వయసు, వాడ, పుట్టినూరు, తేదీ ఫోన్లోనే మాటగా చెప్పి తర్వాత పాట మొదలుపెట్టండి. లేకుంటే ఐదేళ్లకు ఎవరి గొంతో తెలియదు. అదే వారంలో నోట్‌బుక్కులో చేత్తో రాయండి, ఆమె అన్నది అన్నట్టే, బడి భాషలోకి దిద్దకుండా. రికార్డింగు రెండు చోట్ల ఉంచండి, ఒకటి ఊరి బయట. పాత కాగితాలకు లామినేషన్ చేయించొద్దు, వేడికి సిరా పోతుంది, మళ్లీ ఊడదు. కవర్లో పెట్టి, వివరాలు కవరు మీద పెన్సిల్‌తో రాయాలి. సెప్టెంబరు 9, కాళోజీ పుట్టిన రోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు ఉపన్యాసాల బదులు ఇద్దరు ముసలివాళ్లను కూర్చోబెట్టి ఈ పని చేయండి.

చేతులు మార్చడం

అన్నిటికంటే ఓపిక కావాల్సింది ఇక్కడ. మొదలుపెట్టిన మనిషి లేకుంటే గది తెరుచుకోకపోవడం ఆ మనిషి గొప్పతనానికి గుర్తు అనుకుంటారు. పనికి అది జబ్బు.

తాళంచెవులు మూడు ఉండాలి. ఒకటి చూసుకునే మనిషి దగ్గర, ఒకటి కొట్టు దగ్గర, ఒకటి కవర్లో పెట్టి సీలు వేసి బడి హెడ్మాస్టరు దగ్గర. పెద్ద నోట్‌బుక్కు ఒకటి కొని దానికి "నడక పుస్తకం" అని పేరు పెట్టండి. కరెంటు మీటరు సర్వీసు నంబరు, పేపరు ఏజెంటు ఎవరు, ఎప్పుడు పైసలియ్యాలి, బ్యాంకు శాఖ, సంతకాలు ఎవరివి, రిజిస్ట్రార్‌కు జాబితా పంపాల్సిన నెల, చెద మందు ఎక్కడ దొరుకుతుంది, ఏ దాతతో ఏ మాట ఇచ్చాం, వాట్సాప్ గ్రూపు అడ్మిన్లు ఎవరు, ఇవన్నీ అందులో రాయాలి. రాయడం మొదటి నెలలోనే మొదలుపెట్టాలి, దిగిపోయే ముందు రోజు కూర్చుంటే సగం గుర్తుండదు. మాటలు తేలికగా ఉండాలి. పదో తరగతి పిల్ల చదివి పని చేయగలిగితే సరిగ్గా రాసినట్టు. ఆ పిల్లకే ఇచ్చి చదివించి, ఎక్కడ ఆగుతుందో చూసి అక్కడ మళ్లీ రాయండి.

దిగిపోయేవాళ్లు కొత్తవాళ్లతో మూడు నెలలు జంటగా పనిచేయాలి. మొదటి నెల పాత మనిషి చేస్తే కొత్త మనిషి చూడాలి. రెండో నెల కలిసి చేయాలి. మూడో నెల కొత్త మనిషి చేస్తుంటే పాత మనిషి నోరు విప్పకుండా కూర్చోవాలి. కష్టమైనది ఈ మూడోదే. దిగిన పదిహేను రోజుల్లో తీర్మానం నకలుతో బ్యాంకులో సంతకం మారాలి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఆ వారం పుస్తకాలన్నీ రిజిస్టర్‌తో సరిచూసి, ఉన్నవి, పోయినవి, చినిగినవి అంకెలు రాసి, పాత కార్యదర్శి, కొత్త కార్యదర్శి కింద సంతకాలు చేస్తే అప్పగింత అయినట్టు.

రెండో ఏడు ఒక పరీక్ష పెట్టుకోండి. మొదలుపెట్టిన మనిషి ఒక నెల గ్రంథాలయం గడప తొక్కకూడదు, ఫోన్ ఎత్తకూడదు. నెల ఏదంటే జూలైనో ఆగస్టో, నాట్లు పడే నెల, ఊరంతా పొలాల్లో ఉండి ఎవరికీ ఖాళీ లేనప్పుడు. గది తెరిచిన రోజులు, తెరవని రోజులు తలుపు వెనక కాగితం మీద చూసుకునే మనిషి గుర్తు పెట్టాలి. నెలాఖరున కూర్చుని మూడే చూడండి: ఎన్ని రోజులు తాళం పడింది, ఏ ప్రశ్నకు జవాబు దొరక్క పని ఆగింది, ఎవరు ఎవరినీ అడగకుండా ఏ పని చేశారు. తాళం పడిన రోజుల కారణం చెవి అయితే నాలుగో చెవి చేయించండి. జవాబు దొరకని ప్రశ్నలను ఆ రాత్రే నడక పుస్తకంలో ఎక్కించండి. అడగకుండా పని చేసినవాళ్ల పేర్లు వచ్చే ఏడు కార్యవర్గానికి రాసుకోండి. మూడో ఏడు ఇదే పరీక్ష కోశాధికారికి, నాలుగో ఏడు చూసుకునే మనిషికి.